సర్రా, జలగ, నట్టలు: ఒకటి ఉన్న పశువు రెండోదాన్ని ఎందుకు తట్టుకోలేకపోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కోనసీమలో కాలువ గట్టున ఆరు గేదెలు, నలభై గొర్రెలు. ఏటా తొలకరికి ముందు గొంతువాపు టీకా, ఏడాదికి మూడుసార్లు నట్టల (కడుపులోని పురుగుల) మందు ఆల్బెండజోల్. అయినా ఒక గేదెకు జ్వరం వస్తూ పోతూ ఉంది. టీకా వేసిన నెలన్నరకే ఒక పడ్డ (ఇంకా ఈనని ఆడ గేదె) గొంతువాపుతో పోయింది. గొర్రెలకు దవడ కింద నీరు దిగుతోంది. మందు నకిలీదా, టీకా పాడైందా, లేక ఒక పరాన్నజీవి ఉన్న పశువుకు ఇంకోదాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుందా? కొందరు పెరుగుతుందని కూడా అంటున్నారు, ఏది నిజం?

రెండూ నిజమే. ఏ జీవితో ఏ జీవి కలిసింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. డెల్టాలో పశువులకు తగులుకునే జతల్లో చాలావాటికి తట్టుకునే శక్తి తగ్గడమే జరుగుతుంది. పెరిగే జతలు కూడా ఉన్నాయి. వాటిలో రైతు చేతికి అందేది ఒక్కటే, అది పశువు ఒంట్లో కాదు, నత్త ఒంట్లో జరుగుతుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

మీ గేదెల విషయంలో నేను మొదట అనుమానించేది సర్రాని, అంటే జోరీగల వల్ల రక్తంలోకి చేరే రోగాన్ని. వచ్చి పోయే జ్వరం, పనిచేయని టీకా ఒకే పాకలో కనిపిస్తే ముందు రక్తం చూపించాలి. టీకాని తప్పుపట్టడానికి ముందు రెండు సంగతులు కనుక్కోండి: సీసా మీ ఊరికి చేరేదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉందా, వేసిన రోజున పశువుకు జ్వరం లేదు కదా. ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయంటే లోపం పశువు రోగనిరోధక శక్తిలోనే ఉండే అవకాశం ఎక్కువ.

సర్రాకు కారణం ట్రిపనోసోమా ఇవాన్సి అనే ఏకకణ జీవి. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని మొదట గుర్తించాడు. జోరీగ ఒక పశువును కుడుతుండగా తోక విసిరితే లేచి పక్కదాని మీద వాలుతుంది. మూతికి అంటిన తడి రక్తంతోనే రోగం అంటుకుంటుంది. ఈగ లోపల ఈ జీవి పెరగదు, కాబట్టి పాకలో పక్కపక్కన కట్టిన పశువులకే ప్రమాదం ఎక్కువ.

ఈ జీవి ఒంటినిండా ఒక ప్రోటీన్ పొర ఉంటుంది. పశువు ఆ పొరను గుర్తుపట్టి ప్రతిరక్షకాలు తయారుచేసి చాలావాటిని చంపుతుంది, జ్వరం తగ్గుతుంది. ఈలోగా కొన్ని వేరే పొర తొడుక్కుంటాయి. అవి పెరిగి మళ్లీ జ్వరం తెస్తాయి. ఇలా నెలల తరబడి సాగుతుంది. ఈ క్రమంలో ప్రతిరక్షకాలు తయారుచేసే బీ కణాలు అదుపు లేకుండా రెచ్చిపోతాయి. రక్తంలో ప్రతిరక్షకాల మొత్తం పెరుగుతుంది కానీ అందులో పనికొచ్చేది తక్కువ. మరోపక్క మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు, రోగంతో పోరాడే టీ కణాలను పెరగనివ్వవు. ఇలాంటి స్థితిలో కొత్త రోగం వచ్చినా, టీకా వేసినా శరీరం సరిగా స్పందించలేదు. సర్రా ఉన్న గేదెల్లో గొంతువాపు టీకాకు ప్రతిరక్షకాలు తక్కువగా తయారవుతాయి. దీని దగ్గరి బంధువైన ట్రిపనోసోమా బ్రూసీతో ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో అంతకుముందు వేసిన టీకా తాలూకు జ్ఞాపకం కూడా చెరిగిపోయింది. అంటే రోగం తగులుకోకముందు వేయించిన టీకా మీద కూడా పూర్తి భరోసా పెట్టుకోలేం.

నట్టలను తట్టుకునే శక్తి మీద కూడా ఇదే దెబ్బ. ఆఫ్రికాలో ట్రిపనోసోమాని తట్టుకునే జాతిగా పేరున్న ఎన్‌డామా పశువులకు ట్రిపనోసోమా కాంగోలెన్సే, కడుపులో రక్తం పీల్చే హీమాంకస్ పురుగు రెండూ కలిపి ఎక్కించి చూశారు. విడివిడిగా వచ్చినప్పుడు ఓర్చుకున్న పశువులే రెండూ కలిసినప్పుడు తీవ్రమైన రక్తహీనతలో పడ్డాయి. మేకల్లోనూ ఇదే కనిపించింది. సర్రా ఉండగా ఎన్ని నట్టల మందులు తాపినా పశువు కోలుకోకపోవడానికి కారణం ఇక్కడ ఉంది: చచ్చిన పురుగుల స్థానంలోకి మేతతో వచ్చే కొత్త పిల్లపురుగులను శరీరం ఆపలేదు.

ఇందులో ఆశపెట్టుకోదగ్గ విషయం ఏమిటంటే ఈ అణచివేత చాలావరకు తిరిగి సరవుతుంది. ట్రిపనోసోమా ఉన్న పశువులకు దాన్ని చంపే డైమినాజీన్ మందు ఇచ్చాక టీకాకు స్పందన తిరిగి వచ్చినట్టు ఆఫ్రికాలోనే చూశారు. అందుకే వరస ముఖ్యం. ముందు రక్తంలోని జీవి, తర్వాత నట్టలు, ఆ తర్వాతే టీకా. మన దగ్గర జరిగేది తరచూ దీనికి తలకిందులు. టీకా శిబిరం పెట్టిన రోజునే అన్నీ కలిపి కానిచ్చేస్తారు.

నిర్ధారణలో ఎక్కడ తప్పు జరుగుతుందంటే, జ్వరం లేని రోజున రక్తం తీస్తారు. గేదెల్లో ఈ జీవులు రక్తంలో చాలా పలచగా ఉంటాయి, జ్వరం అల దిగిపోయాక స్లైడు మీద ఒక్కటీ దొరకదు, ల్యాబ్ వాళ్లు 'లేదు' అని రాస్తారు. థర్మామీటర్ దగ్గర పెట్టుకుని పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత రాయండి. 103 ఫారెన్‌హీట్ దాటిన పూటే చెవి సిర నుంచి ఒక చుక్క తీయించి తడిస్లైడు చూడమనండి, ఇంకో రెండు స్లైడులు ఆరబెట్టి జీమ్సా రంగుకు పంపండి. సన్నగొట్టంలో రక్తం తిప్పి, తెల్లకణాల పొర దగ్గర చూస్తే దొరికే అవకాశం ఇంకా ఎక్కువ. అదే స్లైడు మీద థైలేరియా, బాబీసియా, అనాప్లాస్మా కూడా చూడమని తప్పకుండా చెప్పండి. పిడుదులతో వచ్చే ఈ మూడూ కోలుకున్న పశువులో కూడా కొద్దికొద్దిగా మిగిలి ఉంటాయి. సర్రానో, ఈనడమో, ఇంకేదైనా భారమో మీదపడినప్పుడు మళ్లీ లేస్తాయి. డైమినాజీన్ సర్రాకు, బాబీసియాకు పనిచేస్తుంది కానీ థైలేరియాకు చేయదు. దానికి బూపార్వాక్వోన్ కావాలి. జ్వరం వచ్చిన ప్రతి గేదెకూ గుడ్డిగా సర్రా సూది వేస్తే ఈ తేడా తెలియకుండానే రోజులు గడిచిపోతాయి.

డైమినాజీన్ మోతాదు కిలో బరువుకు 3.5 మిల్లీగ్రాములు, కండలోకి లోతుగా. డాక్టరు చేతనే వేయించండి, కానీ బరువు మాత్రం మీరు కొలిచి చెప్పండి. గేదెను కంటిచూపుతో 350 కిలోలని తేల్చి, నిజానికి 500 ఉన్నదానికి వేస్తే మిగిలిన జీవులు తిరిగి పెరుగుతాయి, మందుకు లొంగని రకం తయారవుతుంది. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 75, పొడవు 58 అయితే 494 కిలోలు. ఈ గేదెకు డైమినాజీన్ 1,730 మిల్లీగ్రాముల దాకా కావాలి. జ్వరం ఉన్న గేదె ఒక్కదానికే కాకుండా ఆరింటికీ పరీక్ష చేయించండి. పైకి ఆరోగ్యంగా, నిండుగా పాలిస్తున్న గేదె కూడా లోపల జీవిని మోస్తూ ఉండొచ్చు.

ఇక జలగ, అంటే చెరువులో పట్టే జలగ కాదు, పశువు కార్జంలో ఉండే పురుగు. డెల్టాలో కార్జంలో ఉండేది ఫాసియోలా జైగాంటికా, ఆకులాగా ఉండి నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది. లిమ్నియా జాతి నత్తలో పెరిగి, నీటిలోకి వచ్చి, గడ్డి మొదళ్ల మీద, వరి కాడల కింది భాగం మీద గట్టి పొరతో అంటుకుని ఉంటుంది. గేదె దాన్ని తిన్నాక పిల్లజలగ పేగు గోడ చీల్చుకుని కార్జంలోకి దూరి, వారాల తరబడి దాన్ని తొలుస్తూ తిరిగి, చివరికి పైత్యనాళాల్లో స్థిరపడుతుంది. పేడలో గుడ్లు కనిపించేసరికి మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా పేడ పరీక్షలో ఏమీ దొరకదు.

ఈ జలగ రోగనిరోధక శక్తిని సర్రాలాగా మొత్తంగా కూలదోయదు, దాన్ని పక్కకు మళ్లిస్తుంది. తన మీదికి వచ్చే ప్రతిరక్షకాలను కేథెప్సిన్ అనే ఎంజైముతో కోసేస్తుంది. మంటను చల్లార్చే సంకేతాలను, ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్-10ని పెంచుతుంది. దీనివల్ల కణాల లోపల దాక్కునే సూక్ష్మజీవుల మీద శరీరం చేయాల్సిన పోరాటం నీరసిస్తుంది. ఇంగ్లండ్, వేల్స్ పాడిమందల్లో 2012లో వెలువడిన అధ్యయనం ఒకటి, దీని దగ్గరి జాతి జలగ ఉన్న మందల్లో క్షయ చర్మపరీక్ష కొన్ని రోగపు పశువులను పట్టుకోలేకపోతోందని తేల్చింది. జలగ ఉన్న పశువుల్లో సాల్మొనెల్లా ఎక్కువగా నిలవడం కూడా తెలిసిన సంగతే. గొర్రెల్లో ఇంకో దారి ఉంది: పిల్లజలగ తొలిచిన చోట ప్రాణవాయువు అందక, కార్జంలో నిద్రాణంగా ఉన్న క్లాస్ట్రీడియం నోవై బీజాలు మేల్కొని, ఏ లక్షణమూ చూపకుండా గొర్రె రాత్రికి రాత్రే పోతుంది.

మీరు ఏడాదికి మూడుసార్లు తాపే ఆల్బెండజోల్ ఈ జలగ మీద ఎందుకు పనిచేయడం లేదో ఇప్పుడు చూడండి. గేదెకు నట్టల కోసం ఇచ్చే కిలోకు 7.5 మిల్లీగ్రాముల మోతాదు జలగకు చాలదు. 10 మిల్లీగ్రాములకు పెంచినా చచ్చేది పెద్ద జలగలే. కార్జంలో తిరుగుతున్న పిల్లజలగలు అలాగే ఉండి, నెలా రెండు నెలల్లో పెద్దవై గుడ్లు పెడతాయి. కాబట్టి మందు నకిలీదని తేల్చడానికి ఇది ఆధారం కాదు. పిల్లజలగను కూడా చంపేది ట్రైక్లాబెండజోల్, గేదెకు కిలోకు 12 మిల్లీగ్రాములు. పై 494 కిలోల గేదెకు దాదాపు 5.9 గ్రాములు, అంటే 5 శాతం ద్రావణమైతే 119 మిల్లీలీటర్లు. దీని శేషాలు పాలలోకి వస్తాయి కాబట్టి గేదె వట్టిపోయిన కాలంలో తాపడం మంచిది. కానీ ట్రైక్లాబెండజోల్ పొట్ట జలగల (కార్జంలో కాక పొట్టలో ఉండే వేరే జలగల) మీద పనిచేయదు. వాటికి ఆక్సీక్లోజనైడ్ కావాలి. ఆక్సీక్లోజనైడ్ కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇస్తే కార్జంలోని పెద్ద జలగలు పోతాయి, పిల్లజలగలు పోవు. ఐవర్‌మెక్టిన్ ఏ జలగనూ ముట్టుకోదు. చూలుతో ఉన్న మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ ఇవ్వకూడదు.

గొర్రెల దవడ కింద నీటికి సర్రా కంటే హీమాంకస్, జలగల జత మీదే నా అనుమానం. ఒక్కో హీమాంకస్ పురుగు వల్ల రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. ఐదువేల పురుగులుంటే పావులీటరు. పోయిన రక్తంలోని ప్రోటీనును తిరిగి తయారుచేయాల్సిన కార్జాన్ని జలగ తొలిచేసి ఉంటుంది. ఒకటి తోడుతూ ఉంటే రెండోది ఊటను పూడ్చేసినట్టు. ఇక్కడ తట్టుకునే శక్తి తగ్గడానికి ముఖ్య కారణం ప్రోటీను కరువు. పురుగులను తోసిపుచ్చే పేగు జిగురు, ప్రతిరక్షకాలు, ఈసినోఫిల్ కణాలు అన్నీ ప్రోటీనుతోనే తయారవుతాయి. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి ఈనిన ఆరేడు వారాల దాకా తల్లిగొర్రెల పెంటికల్లో గుడ్లు అమాంతం పెరిగేది కూడా ఇందుకే, ఉన్న ప్రోటీను పొదుగుకూ పిల్లకూ పోతుంది. ఆ రోజుల్లో తల్లిగొర్రెకు రోజూ 150 నుంచి 200 గ్రాముల వేరుశనగ చెక్క గానీ కొబ్బరి చెక్క గానీ ఇవ్వండి. సార్వా (ఖరీఫ్ వరి) కోసిన చేలలో చల్లిన పిల్లిపెసర దొరికితే అంతకన్నా మంచి మేత లేదు. ఈ ఖర్చుకు వెనకాడే రైతులు మందుకు రెట్టింపు పెడుతున్నారు, అది బాధాకరం.

గొర్రెలన్నిటికీ ఒకేసారి మందు తాపకండి. కింది కనురెప్ప తిప్పి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉన్నవాటిని వదిలి, పాలిపోయినవాటికి, దవడ వాపు ఉన్నవాటికి ఇవ్వండి. లొంగే పురుగులు కొన్ని మందలో మిగిలి ఉంటేనే మందు నాలుగు కాలాలు పనిచేస్తుంది. క్లోసాంటెల్ కిలోకు 10 మిల్లీగ్రాములు హీమాంకస్‌ను, ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటిన జలగలను కలిపి చంపుతుంది. అయితే దీని మోతాదు మించితే గొర్రెకు చూపు పోతుంది. తిరిగి రాదు. ప్రతి గొర్రెనూ తూకం వేసి గానీ ఇవ్వకండి. వానలు మొదలైన కొన్ని వారాలకు కుళ్లు కంపుతో నీళ్ల విరేచనాలు పట్టి, పెంటికల పరీక్షలో గుడ్లు లేకపోతే అవి పిల్ల పొట్ట జలగలు. అప్పుడు ఆక్సీక్లోజనైడ్ కిలోకు 18.7 మిల్లీగ్రాముల మోతాదు డాక్టరును అడగండి.

పరీక్ష ఏ పద్ధతిలో చేశారో ఎప్పుడూ అడగండి. ఉప్పునీటిలో తేల్చే పద్ధతిలో హీమాంకస్ గుడ్లు పైకి తేలతాయి, జలగ గుడ్లు బరువెక్కువ కాబట్టి అడుగునే ఉండిపోతాయి. వాటికోసం మూడు గ్రాముల పేడను 50 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, టీ జల్లెడలో వడగట్టి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, పైనీరు వంచేసి, మళ్లీ నీరు పోసి అలాగే రెండుసార్లు చేసి, అడుగు మడ్డిలో చుక్క మిథిలీన్ బ్లూ వేసి చూడాలి. పసుపు గోధుమ రంగువి కార్జపు జలగ గుడ్లు, తేటగా కనిపించేవి పొట్ట జలగవి. నట్టల మందు తాపిన రోజున, మళ్లీ 14 రోజులకు గుడ్లు లెక్కించి చూస్తే, తగ్గుదల 95 శాతం కంటే తక్కువైతే మందుకు లొంగని పురుగులని అనుమానించాలి. దానికి ముందు మోతాదు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి.

తట్టుకునే శక్తి పెరిగే జతల గురించి. షిస్టోసోమా అనే రక్తపు జలగ సోకి ఉన్న పశువుల్లో తర్వాత వచ్చే ఫాసియోలా తక్కువగా నిలవడం ప్రయోగాల్లో కనిపించింది. రెండూ చర్మంలోనో పేగులోనో దూరి కార్జం వైపు వెళ్లేవే కాబట్టి, ఒకదానికి రేగిన వాపు, గట్టిపడిన కార్జం రెండోదానికి అడ్డమవుతాయి. దీన్ని చూసి ఒక రోగాన్ని పశువులో ఉంచుకోవడం మాత్రం పొరపాటు. అడ్డుపడే ఆ గట్టి కార్జమే పాల దిగుబడిని తినేస్తుంది.

నత్తలో జరిగేది వేరు. బాతుల పేగుల్లో ఎకైనోస్టోమా అనే చిన్న జలగ ఉంటుంది. దాని గుడ్లు రెట్టతో నీటిలో పడి, పొదిగి, అదే లిమ్నియా నత్తలోకి చేరతాయి. నత్త లోపల పెరిగే ఎకైనోస్టోమా పిల్లదశలకు (రీడియాలకు) బలమైన నోరు ఉంటుంది, అవి ఫాసియోలా పిల్లదశలను తినేస్తాయి. అలాంటి నత్త నుంచి కార్జపు జలగ బయటికి రావడం ఆగిపోతుంది. ఇండోనేషియా వరిపొలాల్లో దీన్ని పద్ధతిగా వాడారు: ఐదు నుంచి పది బాతుల గూటిని పశువుల పాక పక్కనే పెట్టి, బాతు రెట్ట, పశువుల పేడ కలిసి చేలోకి వెళ్లేలా చూశారు. రెండూ ఒకే చోట, ఒకేసారి పడటమే ఇందులో కీలకం. గోదావరి డెల్టాలో బాతుల మందలు కోసిన చేలలో తిరుగుతూనే ఉంటాయి, కానీ అవి అలా వచ్చి ఇలా పోతాయి, మీ పేడ పడే కాలువ దగ్గర రెట్ట వేయవు. అందుకని పాక మురుగు నీరు చేలోకి దిగే చోటే ఆరేడు బాతులను స్థిరంగా పెంచండి. నత్తలను తినడం కూడా వాటి పనే. ఒక ఇబ్బంది: బాతుల నుంచి వచ్చే మరో రక్తపు జలగ వల్ల ఆ నీటిలో దిగినవారి కాళ్లకు దురద దద్దుర్లు రావచ్చు. మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని దిగమనండి.

గడ్డి విషయంలో కూడా ఇదే శ్రద్ధ కావాలి. జలగ పొరలు వరి కాడ కింది మూడోవంతులోనే ఉంటాయి. చేత్తో నేలకు ఆనించి కోసిన పచ్చిగడ్డిని తడిగా ఉండగానే గేదెకు వేయడమే అన్నిటికంటే చేటు. మొదళ్లు కోసి పారేసి పైభాగం వేయండి, లేదా మూడు రోజులు ఎడతెగని ఎండలో తిరగేస్తూ ఆరనివ్వండి. వామి వేసి నెలలు గడిచిన ఎండుగడ్డితో భయం లేదు.

కాలం ప్రకారం ఇలా పెట్టుకోండి. కాలువలు కట్టేసిన వేసవిలో, మే నెలలో, గేదెలన్నిటికీ రక్తపరీక్ష, అవసరమైనవాటికి సర్రా మందు. వారం తర్వాత ఆక్సీక్లోజనైడ్, నీళ్లు వదిలేలోపు పేడలో గుడ్లు తగ్గాలి. ఆ తర్వాత కనీసం రెండు వారాలు మంచి మేత పెట్టి, జ్వరం లేదని చూసి గొంతువాపు టీకా. ఈ లెక్కన టీకా జూన్ రెండో వారానికి వస్తుంది, ఇంతకన్నా ఆలస్యం చేయకండి. చుట్టుపక్కల గొంతువాపు అప్పటికే మొదలైతే ఈ వరసను పక్కనపెట్టి వెంటనే టీకా వేయించి, సర్రా మందు పడ్డాక డాక్టరు సలహాతో మళ్లీ ఒకసారి వేయించండి. సార్వా కోతలయ్యాక, జనవరిలో, ట్రైక్లాబెండజోల్. వేసవిలో పశువులు మురుగు కాలువల తడి గట్ల మీద గుంపుగా మేస్తాయి, నత్తలూ అక్కడే చేరతాయి. ఆ రెండు నెలలు గొర్రెలను ఆ గట్ల మీదికి తోలకండి, తొట్టెలో నీళ్లు పెట్టండి.

పోయిన పడ్డ కార్జాన్ని ఎవరైనా కోసి చూశారా? ఇకముందు ఏ పశువు పోయినా పోస్టుమార్టం చేయించి, కార్జం, నాలుగో కడుపు తప్పనిసరిగా తెరిపించండి. నోటి నుంచి, ముక్కు నుంచి నల్లటి రక్తం గడ్డకట్టకుండా కారుతూ ఉంటే మాత్రం కోయనివ్వకండి, అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. ముందు చెవి సిర రక్తపు స్లైడు పరీక్షకు పంపండి.